సైక్లిన్ బీ1 బ్యాండు మాయమైతే: యాంటీబాడీని అనుమానించే ముందు చూడాల్సినవి

నెల్లూరు నుంచి ఒక పరిశోధక విద్యార్థిని అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలకు మొక్క సారం ఇచ్చి 48 గంటలు ఉంచాం. ఫ్లో సైటోమెట్రీలో జీ2/ఎం (విభజనకు సిద్ధమైన, విభజనలో ఉన్న) కణాలు బాగా పెరిగాయి. దాన్ని రూఢి చేసుకుందామని వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను గెల్‌లో బరువును బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) కణవిభజనను నడిపే ప్రొటీన్ సైక్లిన్ బీ1 చూశాం. మొదటిసారి 55 కిలోడాల్టన్ల దగ్గర సన్నగా ఒకటి, 40 దగ్గర ఇంకొకటి బ్యాండ్లు వచ్చాయి. రెండోసారి అసలేమీ రాలేదు. యాంటీబాడీ మే నెలలో చెన్నై నుంచి వచ్చింది, పెట్టె విప్పేసరికి ఐస్ ప్యాకు కరిగి నీళ్ళయింది. అది పాడైనట్టేనా? కొత్తది ఏది కొనాలి?"

అమ్మా, కొత్తది కొనడానికి తొందరపడకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి యాంటీబాడీ కంటే నమూనా మీదే నాకు ఎక్కువ అనుమానం. ఈ ప్రొటీన్ సంగతే అంత. ఆక్టిన్ లాగా ఎప్పుడు చూసినా ఉండేది కాదు. డీఎన్ఏ నకలు తయారయ్యే ఎస్ దశలో తయారవడం మొదలై, జీ2 చివర, విభజన మొదట్లో శిఖరానికి చేరి, మెటాఫేజ్ దాటుతుండగా ఏపీసీ అనే యంత్రాంగం చేతిలో నిమిషాల వ్యవధిలో నాశనమైపోతుంది. 1982లో టిమ్ హంట్ సముద్రపు అర్చిన్ గుడ్లలో గమనించింది ఈ రావడం, పోవడమే. 2001 నోబెల్‌లో ఆయన భాగానికి మూలం అదే. కాబట్టి బ్యాండు లేకపోతే యాంటీబాడీ పనిచేయలేదని అర్థం కావచ్చు, ఆ క్షణంలో కణంలో ప్రొటీనే లేదనీ కావచ్చు. ఈ రెంటినీ విడదీసే కంట్రోలు (జవాబు ముందే తెలిసిన, పోల్చి చూసే నమూనా) పక్కన లేకుండా ఎంత ఖరీదైన యాంటీబాడీ కొన్నా మళ్ళీ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

ముందు ఒక్క మాట అడుగుతాను. లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) చేసేటప్పుడు ప్లేటులోని మీడియం ఏం చేశారు? తీసి పారేసి, పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌తో కడిగి, అంటుకుని ఉన్న కణాలనే గీకారా? చాలామంది చేసేది అదే, సగం తప్పు అక్కడే. విభజనలో ఉన్న కణం గుండ్రంగా ముడుచుకుని ప్లేటును వదిలేస్తుంది. సైక్లిన్ బీ1 నిండుగా ఉండేవి ఆ కణాలే. మీడియం పారబోస్తే మీరు వెతుకుతున్న ప్రొటీన్‌ను చేతులారా సింకులో పోసినట్టే. మీడియం, కడిగిన పీబీఎస్, ట్రిప్సిన్‌తో లేపిన కణాలు మూడూ ఒకే గొట్టంలో కలిపి 300 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పండి. పెల్లెట్‌ను చల్లటి పీబీఎస్‌తో రెండుసార్లు కడగండి. ఆ రెండో కడుగు మొక్క సారాలతో పనిచేసేవాళ్ళు మానకూడదు. టానిన్లు, పాలీఫినాళ్ళు మిగిలిపోతే ప్రొటీన్ ఎంతుందో చెప్పే బీసీఏ కొలత ఎక్కువ చూపిస్తుంది. కాగితం మీద 30 మైక్రోగ్రాములు వేశామనుకుంటారు, గెల్‌లోకి వెళ్ళేది అందులో సగమే కావచ్చు.

రెండో అనుమానం 48 గంటల గడువు. విభజనలో చాలాసేపు ఇరుక్కున్న కణం అక్కడే ఉండిపోదు. సైక్లిన్ బీ1 కొద్దికొద్దిగా కరిగిపోతూ, రెండుగా చీలకుండానే విభజన నుంచి జారి బయటపడుతుంది. దాన్ని మైటోటిక్ స్లిప్పేజ్ అంటారు. అప్పుడు కణంలో డీఎన్ఏ రెట్టింపుగానే ఉంటుంది, సైక్లిన్ బీ1 ఉండదు. ప్రొపీడియం అయోడైడ్ ఒక్కటే వాడిన ఫ్లో డీఎన్ఏను మాత్రమే లెక్కపెడుతుంది గనక దాన్ని జీ2/ఎం గుట్టలోనే పడేస్తుంది. మీ ఫ్లో, మీ బ్లాట్ ఒకదానికొకటి ఎదురు చెబుతున్నట్టు కనిపించడానికి ఇదే కారణం కావచ్చు. అలాగైతే రెండూ నిజమే చెబుతున్నాయి. 6, 12, 18, 24, 48 గంటలకు నమూనాలు తీయండి. ప్రతి గడువుకూ సారం కరిగించిన ద్రావకం మాత్రమే ఇచ్చిన ప్లేటు ఒకటి పక్కన ఉండాలి. కణాలు సేకరించే నాటికి ప్లేటు 60 నుంచి 70 శాతమే నిండి ఉండేలా కణాలు వేసుకోండి. ప్లేటు పూర్తిగా నిండిపోతే విభజన మందగించి సైక్లిన్ బీ1 దానంతటదే తగ్గిపోతుంది, అది మందు ప్రభావం కాదు.

ఇక కంట్రోళ్ళు. కణచక్రం మీద పనిచేసేవాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది: ఒకే కణాల నుంచి ప్రొటీన్ ఉన్న నమూనా, లేని నమూనా రెండూ తయారుచేసుకోవచ్చు. హీలా (మనిషి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్) కణాలు ఇందుకు బాగా అనువైనవి. మీ దగ్గర లేకపోతే పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకోవచ్చు. తెచ్చాక మైకోప్లాస్మా (పెంచే కణాలకు సోకే బ్యాక్టీరియా) పరీక్ష చేసుకోండి.

ప్రొటీన్ ఉన్న నమూనాకు, కణాన్ని విభజనలో నిలిపే నోకోడజోల్ వాడండి. డీఎంఎస్ఓలో మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల ద్రావణం చేసుకుని 10 మిల్లీలీటర్ల మీడియంకు 10 మైక్రోలీటర్లు కలిపితే మిల్లీలీటరుకు 100 నానోగ్రాములు అవుతుంది. 16 నుంచి 18 గంటలు ఉంచండి. సూక్ష్మదర్శినిలో గుండ్రటి కణాలు ముత్యాల్లా మెరుస్తూ కనిపిస్తాయి. ప్లేటును పక్కల మీద తట్టి, రాలినవాటిని మాత్రమే సేకరించండి. అంతకంటే మంచి పాజిటివ్ కంట్రోలు లేదు. నోకోడజోల్ దొరక్కపోతే విన్‌బ్లాస్టిన్ కూడా అదే పని చేస్తుంది. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన మందు అది, ట్యూబ్యులిన్‌ను పట్టుకుని కణాన్ని విభజనలో నిలిపేస్తుంది.

ప్రొటీన్ లేని నమూనాకు రెండుసార్లు థైమిడిన్ దిగ్బంధం చేయాలి. 242 మిల్లీగ్రాముల థైమిడిన్‌ను 10 మిల్లీలీటర్ల పీబీఎస్‌లో 37 డిగ్రీల దగ్గర కరిగిస్తే 100 మిల్లీమోలార్. 10 మిల్లీలీటర్ల మీడియంకు అందులోంచి 200 మైక్రోలీటర్లు. 18 గంటలు ఉంచి, కడిగి, మామూలు మీడియంలో 9 గంటలు వదిలి, మళ్ళీ 16 గంటలు థైమిడిన్. కణాలన్నీ ఎస్ దశ గుమ్మంలో నిలబడతాయి. అక్కడ సైక్లిన్ బీ1 చాలా తక్కువ, బొత్తిగా సున్నా మాత్రం కాదు. కడిగి వదిలేశాక 0, 3, 6, 8, 10, 12 గంటలకు తీస్తే 8 నుంచి 10 గంటల మధ్య బ్యాండు లావెక్కి, ఆ తర్వాత కణాలు విభజన దాటేకొద్దీ పడిపోవాలి. అలా లేచి పడ్డ బ్యాండే మీది. అన్ని వరుసల్లో కదలకుండా ఒకేలా ఉన్న బ్యాండు ఏ బరువు దగ్గర ఉన్నా సరే, మీది కాదు.

మీ 40 దగ్గరి బ్యాండు గురించి. సైక్లిన్ బీ1లో 433 అమైనో ఆమ్లాలు, లెక్క ప్రకారం 48 కిలోడాల్టన్లు. గెల్ మీద మాత్రం 55 నుంచి 60 దగ్గర పరుగెత్తుతుంది. కాబట్టి 55 దగ్గరది సరైన చోటే ఉంది. 40 దగ్గరది మూడింటిలో ఏదైనా కావచ్చు. లైసేట్‌లో తెగిపోయిన ముక్క కావచ్చు. దగ్గరి బంధువైన సైక్లిన్ బీ2 కావచ్చు. పూర్తిగా వేరే ప్రొటీన్‌కు అంటుకున్నది కావచ్చు. తేల్చుకునే వరస ఇది. కొన్ని కణాలను రీపా (కణాలను పగలగొట్టే బఫర్) లేకుండా నేరుగా వేడి ఎస్‌డీఎస్ శాంపిల్ బఫర్‌లో పోసి వెంటనే 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు మరిగించండి. జిగురుగా సాగుతుంది, సన్నసూది గుండా పదిసార్లు లాగి వదలండి. ఈ నమూనాలో 40 బ్యాండు పోతే అది తెగిన ముక్కే, మీ ప్రోటియేజ్ ఇన్హిబిటర్ (ప్రొటీన్లను కోసే ఎంజైములను ఆపేది) పనిచేయలేదని తెలుస్తుంది. అలాంటి ఇన్హిబిటర్ పీఎంఎస్ఎఫ్ నీటిలో ఎక్కువసేపు నిలవదు. పొద్దున కలిపిన బఫర్‌ను సాయంత్రం వాడితే అది లేనట్టే. కణాల మీద పోసే ముందే 1 మిల్లీమోలార్ కలపాలి.

బ్యాండు పోకపోతే ఎస్ఐఆర్ఎన్ఏ (ఒక జన్యువు పనిని అణిచే చిన్న ఆర్ఎన్ఏ). 20 నుంచి 50 నానోమోలార్, 48 గంటలు, పక్కన దేనికీ గురిపెట్టని ఎస్ఐఆర్ఎన్ఏ తప్పనిసరి. నిజమైన బ్యాండు తగ్గుతుంది, తప్పుడుది తగ్గదు. జన్యువును పూర్తిగా తీసేసిన కణాలు దొరుకుతాయా అని వెతక్కండి. సైక్లిన్ బీ1 లేకుండా కణాలు బతికి పెరగలేవు, ఈ జన్యువు లేని ఎలుక పిండాలు కడుపులోనే పోతాయి. అమ్మకందారు ఇచ్చే బ్లాకింగ్ పెప్టైడ్‌తో తృప్తిపడొద్దనీ చెబుతాను. ఆ పెప్టైడ్ యాంటీబాడీ చేతులనే కట్టేస్తుంది కాబట్టి సరైన బ్యాండూ పోతుంది, తప్పుడు బ్యాండూ పోతుంది. దానితో ఏదీ తేలదు.

బ్లాట్ వివరాల్లో ఈ ప్రొటీన్‌కు ప్రత్యేకమైనవి చెబుతాను, మిగతావి మీకు తెలిసినవే. పది లక్షల కణాలకు 100 మైక్రోలీటర్ల రీపా, ఐసు మీద 20 నిమిషాలు, 14,000 జీ దగ్గర 15 నిమిషాలు. ఫాస్ఫో (ఫాస్ఫేట్ తగిలిన) రూపాలు కూడా చూస్తారు గనక 10 మిల్లీమోలార్ సోడియం ఫ్లోరైడ్, 1 మిల్లీమోలార్ సోడియం ఆర్థోవనడేట్ కలపండి. విడివిడి దశల్లోని మామూలు కణాల్లో జీ2, ఎం రెండూ కలిపినా పదో వంతు నుంచి ఐదో వంతు దాకానే ఉంటాయి. అందుకని వరుసకు 30 నుంచి 40 మైక్రోగ్రాములు వేయాలి, నోకోడజోల్ నమూనా 10 వేసినా చాలు. 10 శాతం గెల్. 0.45 మైక్రాన్ల పీవీడీఎఫ్ మెంబ్రేన్‌ను మెథనాల్‌లో తడపడం మరవొద్దు. 100 వోల్టుల దగ్గర 70 నిమిషాల తడి ట్రాన్స్‌ఫర్. తర్వాత మెంబ్రేన్ మీది ప్రొటీన్లన్నిటినీ చూపే పాన్సో రంగు వేసి ఫొటో తీసి పెట్టుకోండి. రెండోసారి "ఏమీ రాలేదు" అన్నారే, ఆ రోజు పాన్సో ఫొటో ఉంటే ట్రాన్స్‌ఫర్ తప్పా, యాంటీబాడీ తప్పా అన్నది ఒక్క చూపులో తేలేది.

లోడింగ్ కంట్రోలుగా (అన్ని వరుసల్లో ప్రొటీన్ సమానంగా పడిందని చూపేది) ట్యూబ్యులిన్ వాడొద్దు. అది 50 నుంచి 55 దగ్గరే ఉంటుంది, సైక్లిన్ బీ1 మీద పడుతుంది. పైగా మీ సారం ట్యూబ్యులిన్ మీదే పనిచేసేదైతే కంట్రోలే కదిలిపోతుంది. 37 దగ్గరుండే జీఏపీడీహెచ్ గానీ, 120 ప్రాంతంలో ఉండే విన్‌క్యులిన్ గానీ తీసుకోండి. జీఏపీడీహెచ్ అయితే 34 దగ్గరుండే, సైక్లిన్ బీ1తో జతకట్టే ఎంజైము సీడీకే1తో కలిపి ఒకే ముక్క మీద చూడకండి, రెంటికీ ఎడం చాలదు.

బ్లాకింగ్‌కు 5 శాతం వెన్నలేని పాలపొడి సరిపోతుంది, 0.1 శాతం ట్వీన్ ఉన్న టీబీఎస్‌టీలో గంటసేపు. ఫాస్ఫో యాంటీబాడీలకు మాత్రం బీఎస్ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్) వాడండి, పాలలోని కేసీన్ తనే ఒక ఫాస్ఫో ప్రొటీన్. ప్రైమరీ (ప్రొటీన్‌ను పట్టే యాంటీబాడీ) 1:1000 దగ్గర మొదలుపెట్టి, 4 డిగ్రీల దగ్గర రాత్రంతా. సెకండరీ (ప్రైమరీని పట్టే యాంటీబాడీ) 1:5000 నుంచి 1:10,000, గంట. వాడిన ప్రైమరీని దాచుకోవడానికి సోడియం అజైడ్ వేస్తుంటారు. అది సెకండరీకి తగిలించి ఉండే, బ్యాండును కనిపించేలా చేసే హెచ్ఆర్‌పీ ఎంజైమును చంపుతుంది. ప్రైమరీ తీశాక టీబీఎస్‌టీతో మూడుసార్లు పదేసి నిమిషాలు కడగకుండా సెకండరీ వేస్తే మెంబ్రేన్ తెల్లగా మిగులుతుంది. రెండోసారి మీరు వాడింది అలా దాచిన ద్రావణమేనా, చూసుకోండి. నీళ్ళు కూడా గమనించండి. మన ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీళ్ళు కఠినం. కనిగిరి వైపు ఫ్లోరైడ్ కూడా ఎక్కువ. తాగడానికి పెట్టిన ఆర్‌ఓ నీళ్ళు బఫర్లకు పనికిరావు. స్వేదనజలం గానీ మిల్లీక్యూ గానీ వాడాలి. కాల్షియం మిగిలితే ఫాస్ఫేట్ బఫర్లు మబ్బుగా మారతాయి, మెంబ్రేన్ మీద చుక్కలు పడతాయి.

ఇప్పుడు మీ భయం గురించి. ఐస్ ప్యాకు కరిగినంత మాత్రాన లేబుల్ లేని ఐజీజీ (మామూలు యాంటీబాడీ) పాడైపోదు. గట్టి అణువు అది, గది వేడిలో రెండు మూడు రోజులు సాధారణంగా తట్టుకుంటుంది. పెట్టె రోహిణి కార్తె ఎండలో ఏ వ్యాను వెనకో మధ్యాహ్నాలు గడిపితే మాత్రం చెప్పలేం. నోకోడజోల్ నమూనా మీద ఒక్కసారి చూడండి, బ్యాండు గట్టిగా వస్తే దాని పని అది చేస్తోందని అర్థం. రంగు తగిలించినవి, హెచ్ఆర్‌పీ తగిలించినవి అంత ఓర్చవు. పీఈ అనే రంగు తగిలించినదాన్ని గడ్డకట్టిస్తే చెడుతుంది, 2 నుంచి 8 డిగ్రీల్లోనే చీకట్లో ఉంచాలి. మామూలు యాంటీబాడీలో 50 శాతం గ్లిసరాల్ ఉంటే మైనస్ 20లో గడ్డకట్టదు. లేకపోతే 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి పెట్టుకోండి. మంచు దానంతటదే కరిగించుకునే ఫ్రీజరు వద్దు, అది లోపల పదేపదే వేడెక్కుతుంది. కరెంటు పోయే చోట ఫ్రీజరులో జెల్ ప్యాకుల మధ్య చిన్న థర్మాకోల్ పెట్టెలో యాంటీబాడీలు పెడితే కొన్ని గంటలు కాపాడుతుంది. మన ఊళ్ళలో రొయ్యలకు వాడే థర్మాకోల్ పెట్టెలు, ఐసు సులువుగా దొరుకుతాయి, అవి బాగా పనికొస్తాయి. గొట్టం మూత చుట్టూ పారాఫిల్మ్ చుట్టండి, కరిగిన నీళ్ళు లోపలికి పోకూడదు. ఆర్డరు సోమవారం గానీ మంగళవారం గానీ బయల్దేరేలా అడగండి. చెన్నై 175 కిలోమీటర్లే, అయినా శుక్రవారం పంపినది శని ఆదివారాలు గోదాములో పడి ఉంటుంది.

కొనాల్సి వస్తే ఏది? బ్లాట్‌కు కుందేలు రీకాంబినెంట్ మోనోక్లోనల్ (జన్యువు నుంచి తయారుచేసే ఒకే రకం యాంటీబాడీ). దాని జన్యుక్రమం తెలిసి ఉంటుంది కాబట్టి ఈ లాటుకూ వచ్చే లాటుకూ తేడా ఉండదు. పాలీక్లోనల్ (జంతువు రక్తం నుంచి తీసిన రకరకాల యాంటీబాడీల మిశ్రమం) బాగానే పట్టుకుంటుంది గానీ, ఆ జంతువు రక్తం అయిపోయిన రోజు మీ ఫలితం కూడా అయిపోతుంది, మూడేళ్ళ పీహెచ్‌డీ మధ్యలో అది మంచిది కాదు. ఫ్లోకు ఎలుక మోనోక్లోనల్ జీఎన్ఎస్1 క్లోన్ చాలాకాలంగా నమ్మకంగా వాడుతున్నది, నేరుగా రంగు తగిలించినది తీసుకోండి. డేటాషీట్‌లో చూడాల్సింది అందమైన బొమ్మ కాదు. ఎస్ఐఆర్ఎన్ఏ వరుస ఉందా, నోకోడజోల్ వరుస ఉందా, ల్యాడర్‌తో (బరువులు తెలిపే గుర్తుల వరుస) సహా పూర్తి బ్లాట్ చూపించారా అన్నది చూడండి. 2016లో అంతర్జాతీయ నిపుణుల బృందం యాంటీబాడీ నిర్ధారణకు ఐదు దారులు సూచించింది, జన్యువును తగ్గించి చూడడం వాటిలో ఒకటి. చిన్న ప్యాకు కొనండి. 1:1000 దగ్గర, మెంబ్రేన్‌ను ముక్కగా కోసి ప్లాస్టిక్ సంచిలో 2 మిల్లీలీటర్లతో సరిపెడితే బ్లాటుకు 2 మైక్రోలీటర్లే. 20 మైక్రోలీటర్లు పది బ్లాట్లకు వస్తుంది. లాటు నంబరు నోట్‌బుక్‌లో రాయండి.

సైక్లిన్ బీ1ను సీడీకే1తో కలిపి యాంటీబాడీతో పట్టి తీసే ఇమ్యునోప్రెసిపిటేషన్ ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త. యాంటీబాడీ భారీ గొలుసు 50 దగ్గర పెద్ద మచ్చలా వచ్చి సైక్లిన్ బీ1ను కప్పేస్తుంది. ఎలుక యాంటీబాడీతో పట్టి కుందేలుదానితో చూడండి.

మీ అసలు ప్రశ్న సారం ఏ దశలో ఆపుతోందన్నది. దానికి సైక్లిన్ బీ1 ఒక్కటి చాలదు, ఇంకో రెండు కావాలి. సీడీకే1 టైరోసిన్ 15 ఫాస్ఫో రూపం, హిస్టోన్ హెచ్3 సెరిన్ 10 ఫాస్ఫో రూపం. సైక్లిన్ బీ1 ఎక్కువ, టైరోసిన్ 15 ఎక్కువ, హెచ్3 తక్కువ అయితే కణాలు జీ2లో ఆగాయి, డీఎన్ఏ దెబ్బతిని ఉండొచ్చు. సైక్లిన్ బీ1 ఎక్కువ, టైరోసిన్ 15 తక్కువ, హెచ్3 ఎక్కువ అయితే విభజనలోనే ఇరుక్కున్నాయి, ట్యూబ్యులిన్ వైపు చూడండి. డీఎన్ఏ రెట్టింపు ఉండి మూడూ తక్కువైతే జారిపోయాయి. హెచ్3 17 దగ్గర ఉంటుంది, దానికి 15 శాతం గెల్, 0.2 మైక్రాన్ల మెంబ్రేన్ కావాలి.

ఫ్లోలోనే చూడగలిగితే ఇంకా మేలు, కణం కణానికీ తెలుస్తుంది. కణాలను వోర్టెక్స్ చేస్తూ చుక్కచుక్కగా 70 శాతం చల్లటి ఇథనాల్‌లో వేయండి, మైనస్ 20లో రాత్రంతా ఉంచండి. 0.25 శాతం ట్రైటాన్‌లో ఐసు మీద 5 నిమిషాలు. పది లక్షల కణాలకు 100 మైక్రోలీటర్లలో 0.5 నుంచి 1 మైక్రోగ్రాము యాంటీబాడీ, చివర ఆర్ఎన్ఏస్‌తో పాటు ప్రొపీడియం అయోడైడ్. జీ1 కణాలే మీ లోపలి నెగటివ్ కంట్రోలు, గీత వాటి పైన గీయండి. మొక్క సారాలు తమంత తామే వెలుగుతాయి, సారం ఇచ్చి రంగు వేయని గొట్టం ఒకటి ఉండాలి.

ఇదే దారిలో వచ్చే ఇంకో ప్రశ్న: మనిషి ప్రొటీన్‌కు చేసిన యాంటీబాడీ వనామీ రొయ్యకు, ఒంగోలు ఆవు కణాలకు పనికొస్తుందా అని. సైక్లిన్ బాక్స్ ఉండే వెనక భాగం జాతుల మధ్య బాగా కలుస్తుంది, ముందు భాగం అంతగా కలవదు. యాంటీబాడీ ఏ ముక్కకు తయారైందో డేటాషీట్‌లో చూసి, ఆ ముక్కను మీ జీవి క్రమంతో పక్కపక్కన పెట్టి పోల్చండి. పోలిక బాగున్నా మీ జీవి కణాల్లో లేచి పడటం చూపించాకే నమ్మండి. ఇంకొకటి, మేకలో చేసిన ప్రైమరీ వాడితే మేక ఐజీజీని పట్టే సెకండరీ ఆవు ఐజీజీని కూడా పట్టుకుంటుంది. పాలపొడితో బ్లాక్ చేసిన మెంబ్రేన్ అంతా నల్లబడేది అందుకే.

మీరు ముందుగా చేయాల్సింది ఒకే ఒక గెల్: హీలా థైమిడిన్, హీలా నోకోడజోల్, మీ ద్రావకం కంట్రోలు, 12, 24, 48 గంటల సారం నమూనాలు, తేలిన కణాలన్నిటితో సహా. ఇప్పుడున్న యాంటీబాడీతోనే చేయండి. బొమ్మ పెట్టేటప్పుడు కత్తిరించకుండా ల్యాడర్‌తో, పక్కన పాన్సో ఫొటోతో, లాటు నంబరుతో పెట్టండి.